పెట్రా కాలువ మట్టికి నేను కట్టిన కథ

యాత్రికులను వెంటబెట్టుకుని తిరిగే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. "చానా దేశాలు తిరిగినారు గదా సార్, మాకేమన్నా చెప్పండి" అంటారు. పాస్‌పోర్టులు ఎలా భద్రం చేయాలో, విమానం ఆలస్యమైతే ఎవరిని పట్టుకోవాలో, అరబ్బుల దేశంలో చారన్నం ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడు వాళ్లకే నాకంటే బాగా తెలుసు. అంతా ఫోన్లోనే ఉంది. నా దగ్గర కొత్తగా చెప్పడానికి మిగిలింది ఒక్కటే. అది నా తెలివి కాదు, నా నోటి దూల. దానివల్ల ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చింది. ఇంట్లో వాళ్లకు కూడా పూర్తిగా చెప్పని సంగతి అది. ఇప్పుడు రాస్తున్నాను, మీరు చదువుకుని నవ్వుకున్నా పర్వాలేదు.

మాది అంగడి పెట్టుకుని బతికిన కుటుంబం. మా నాయన తూకం దగ్గర కూర్చుంటే మాట బయటికి వచ్చేది కాదు. నేను కూర్చుంటే మాట ఆగేది కాదు. "నువ్వు శనగలు కట్టడం కంటే కథలు చెప్పడం ఎక్కువైంది" అని ఆయనే నన్ను అంగట్లోంచి లేపి పంపించాడు. మొదట ఒక వ్యాను పెట్టుకుని, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను మహానందికి, అహోబిలానికి తిప్పాను. అక్కడే నాకు ఒక పాడు అలవాటు అబ్బింది. ఉన్నది ఉన్నట్టు చెబితే జనం ఆవలిస్తారు. కొంచెం కలిపి చెబితే కళ్లు పెద్దవి చేస్తారు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని మరీ పోతారు. ఆ పెద్దవైన కళ్లంటే నాకు పిచ్చి.

తరువాత ఊళ్లోని ఒక పాస్టరు గారు పిలిపించి, తమ సంఘం వాళ్లను యెరూషలేముకు తీసుకుపోవడానికి ఒక మనిషి కావాలన్నారు. నా నుదుటి మీద బొట్టు ఉంటుంది. అది చూసి ఆయన ఏమనుకుంటారోనని నేను బెరుకుగా నిలబడితే, "మీకు ఇంగ్లీషు వచ్చా, కోపం తక్కువా, ఈ రెండే కావాలి శెట్టిగారూ" అన్నారు. అలా మొదలై ఇరవై ఏళ్లకు పైగా నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల క్రైస్తవులను ఏటా రెండు మూడు గుంపులుగా పవిత్ర భూమికి తీసుకుపోయాను. బొట్టు చెరపమని ఒక్కరూ అనలేదు.

మా దారిలో యెరూషలేము కంటే ముందు జోర్డాను దేశం వస్తుంది. అందులో ఒక రోజు పెట్రా. పెట్రా అంటే ఎడారిలో ఎర్రటి కొండల్ని తొలిచి కట్టిన పాత పట్నం. కట్టిన అనకూడదు, చెక్కిన అనాలి. రెండు వేల ఏళ్ల కిందట ఒంటెల మీద సరుకులు తోలిన అరబ్బు వర్తకులు చెక్కించుకున్నారు. ఊరి గేటు దగ్గర దిగి కొంత దూరం నడిస్తే రెండు కొండల మధ్య సన్నటి చీలిక మొదలవుతుంది. దాని లోపల మైలుకు కాస్త తక్కువగా నడవాలి. పైకి చూస్తే ఆకాశం ధోవతి అంచంత కనబడుతుంది. చీలిక చివర, కొండ నిలువునా చెక్కిన మహా పెద్ద ముఖద్వారం. దాన్ని అక్కడివాళ్లు ఖజానా అంటారు.

చూడటానికి అద్భుతమే. కానీ మా వాళ్లు వచ్చింది అద్భుతాలకు కాదు. మొదటిసారి తీసుకుపోయినప్పుడు ఒక పెద్దావిడ, "ఈడ ఏసయ్య నడిచినాడా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "మోషే?" పక్క ఊరికి మోషే లోయ అని పేరుందమ్మా, మోషే బండను కొడితే నీళ్లు వచ్చిన చోటు ఇక్కడేనని ఈ ఊరివాళ్లు చెప్పుకుంటారు, అన్నాను. "చెప్పుకుంటారా?" అని ఆమె అక్కడే రాయి మీద కూర్చుని చెప్పులు విప్పేసింది. ఆమెను చూసి ఇంకో పదిమంది కూర్చున్నారు.

దీనికి తోడు గుర్రాల గోల. గేటు దగ్గరే గుర్రాలవాళ్లు, గుర్రబ్బండ్లవాళ్లు చుట్టుముట్టేవారు. కొందరు ఎక్కేవాళ్లు, కొందరు బేరం దగ్గరే నిలబడిపోయేవాళ్లు, కొందరు ఎక్కి భయపడి దిగేవాళ్లు. నలభై మంది నాలుగు ముక్కలయ్యేవాళ్లు. వాళ్లను ఏరుకునేసరికి నా పని అయిపోయేది. ఈ మధ్య గుర్రబ్బండ్లు తీసేసి బ్యాటరీ బండ్లు పెట్టారు గానీ గోల అదే.

ఆ రెండు కష్టాలకూ కలిపి నేను ఒకే మందు కనిపెట్టాను. చీలిక పొడవునా గోడకు నడుం ఎత్తున ఒక కాలువ చెక్కి ఉంటుంది, వెనకటి రోజుల్లో ఊళ్లోకి నీళ్లు పోవడానికి. ఇప్పుడు అందులో ఎర్రటి మెత్తని మట్టి పేరుకుని ఉంటుంది. "మోషే తెప్పించిన నీళ్లు ఈ కాలువలోనే పారినాయి. అడుగున ఉన్న ఈ మట్టిని చిటికెడు నీళ్లలో కలిపి తాగితే రొమ్ములో జబ్బులు పోతాయని పెద్దల నమ్మకం. అయితే ఒక్క నియమం. బండి ఎక్కకుండా తమ కాళ్లతో నడిచినవాళ్లకే ఫలం." ఇదీ నేను కట్టిన కథ. పెద్దలూ లేరు, నమ్మకమూ లేదు. రొమ్ములో జబ్బు అని ఎందుకన్నానో కూడా నాకు తెలియదు, ఆ క్షణాన నోటికి వచ్చింది.

దెబ్బకు గుర్రాల బేరం ఆగింది. అందరూ ఒక గుంపుగా, పాటలు పాడుకుంటూ, కాలువ వెంబడి నడిచారు. నేను మురిసిపోయాను. అక్కడి గైడు జోర్డాను మనిషి, నా ఈడువాడే, ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో చెప్పేవాణ్ని. "నేను రెండు మాటలు చెబుతాను, నువ్వు ఇరవై చెబుతావు. తెలుగు అంత పొడుగు భాషా?" అని అడిగాడు ఒకసారి. అవునన్నాను. పాస్టరు గారు మాత్రం నేను ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా నేల చూపులు చూసేవారు. ఆయన చదువుకున్న మనిషి. కానీ ఏమీ అనలేదు.

మా వైపు సంఘాల్లో ఒక ఆచారం ఉంది. యాత్ర నుంచి వచ్చిన వాళ్లు ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. ఎక్కడికి పోయాము, ఏం చూశాము, ఏ మేలు జరిగింది అని. ఆళ్లగడ్డలో ఒకావిడ అలా లేచి, కాలువ మట్టి తాగినాక తనకు ఆయాసం తగ్గిందని చెప్పిందట. తగ్గిందో, ఆ వానాకాలం పోయిందో దేవుడికే తెలియాలి. ఆ మాట నేను చెప్పినదానికంటే ఎక్కువ దూరం పోయింది.

ఆ సాక్ష్యం విన్నవాళ్లలో ఒక శిల్పి భార్య ఉంది.

ఆళ్లగడ్డ శిల్పుల సంగతి మీకు తెలిసిందే. రోడ్డుకు ఇరువైపులా షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన నందులు, వినాయకులు, నాయకుల విగ్రహాలు. ఈయన ఆ పనిలో పేరున్న మనిషి. అరవై దాటాయి. దేవుళ్లను చెక్కి చెక్కి అలిసిపోయి ఏ దేవుణ్నీ అడిగేది మానేసిన మనిషి. భార్య మాత్రం ఆయన దగ్గు ముదిరినాక ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. ఉలితో చెక్కినన్నాళ్లూ నడిచిపోయింది. కోత మిషన్లు వచ్చాక షెడ్డంతా తెల్లటి పొగలా లేచే రాతి పొడి పాతికేళ్లు ఆయన లోపలికి పోయింది. కర్నూలు డాక్టర్లు ఫోటో తీసి, ఇది బాగయ్యేది కాదు, ఇక ముందుకు పోకుండా చూసుకోవడమేనని చెప్పారు. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి.

ఆమె నంద్యాలలో మా ఆఫీసుకు వచ్చిన రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం, ఫ్యాను కింద ఒక్కణ్నే ఉన్నాను. గడపలోనే నిలబడి అడిగింది.

"అన్నా, ఆ కాలువ మట్టి ఉండే ఊరికి పోయేది మీరేనా?"

"మేమేనమ్మా. కూర్చో."

"నడిచినోళ్లకే పని చేస్తాదంట గదా?"

చూడండి, ఇక్కడ నాకు అవకాశం వచ్చింది. ఎదురుగా ఒకే మనిషి, అది కూడా మా ఆఫీసులోనే. అమ్మా, అదొక కథ, నమ్మొద్దు అనడానికి ఎంతసేపు? కానీ ఆమె కళ్లు అప్పటికే పెద్దవై ఉన్నాయి. నేను, "అట్లని పెద్దలు చెప్తారమ్మా" అన్నాను. ఫారంలో ఆరోగ్యం గురించి రాసే చోట ఏమీ లేదని రాయించింది. ఆమె వెనకాల వచ్చి బెంచీ మీద కూర్చున్న భర్త దగ్గుతుంటే, "చుట్ట దగ్గులే అన్నా" అంది. నేను రాసుకున్నాను. ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు అప్పుడు నాకు అర్థం కాలేదు.

మార్చి నెలలో బయలుదేరాము. బస్సులో ఆయన ఎప్పుడూ కిటికీ పక్కనే. ప్రార్థనలప్పుడు కళ్లు మూసుకునేవాడు గానీ పెదవులు కదిలేవి కావు. ఎక్కడ దిగినా ముందు గోడను చేత్తో తడిమేవాడు. ఒక పాత చర్చి దగ్గర స్తంభాన్ని గోటితో గీకి, "మెత్త రాయి. మన నల్లరాయికి దీనికి సంబంధమే లేదు శెట్టీ" అన్నాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే దగ్గు వచ్చేది.

పెట్రాలో ఆ రోజు పొద్దున ఎండ లేదు, గాలి చల్లగా ఉంది. గేటు దగ్గర అందరి చెవులకూ చిన్న రేడియోలు తగిలించాం. నా మెడలో మైకు. నేను మెల్లగా మాట్లాడినా నలభై మంది చెవుల్లో పడుతుంది. అలవాటు ప్రకారం మోషేను, నీళ్లను, మట్టిని, నియమాన్ని అన్నీ చెప్పేశాను. పాస్టరు గారు ముందు నడిచారు. అందరూ పాట ఎత్తుకున్నారు.

చీలిక సగం దూరం పోయాక గైడు నా భుజం తట్టి వెనక్కి చూపించాడు. శిల్పి గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా మెడ దగ్గర గుంత పడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. భార్య ఒక చేత్తో ఆయన వీపు రాస్తోంది. రెండో చేతిలో చిన్న స్టీలు డబ్బీ, అందులో ఎర్రమట్టి.

నేను పరిగెత్తుకుంటూ పోయి, "చుట్ట దగ్గు గాదు గదమ్మా ఇది? మందేమన్నా ఉందా?" అని అడిగాను.

"పీల్చే మందుండాది. హోటల్లో పెట్టొచ్చినా."

"ఎందుకు పెట్టొచ్చినావ్ తల్లీ?"

"మందు జేబులో పెట్టుకోనొస్తే నమ్మినట్లెట్లయితాదన్నా?"

గైడు అప్పటికే గేటు వైపు నుంచి లోపలికి వస్తున్న బ్యాటరీ బండిని ఆపడానికి చెయ్యెత్తాడు. అందులో జనం ఉన్నారు. వెనక ఇంకోటి ఖాళీగా వస్తుందని చెప్పి, గేటు దగ్గర ఆసుపత్రి గదికి ఫోన్ చేస్తున్నాడు. నేను హోటల్లో మందు తెప్పించడానికి మా బస్సు డ్రైవరుకు ఫోన్ చేశాను. ఖాళీ బండి వచ్చి ఆగింది. శిల్పి కదలబోయాడు. ఆమె అడ్డం నిలబడింది.

"ఇంగ సగమే ఉండాది. బండెక్కితే అంతా పోతాది. నువ్వే చెప్పినావ్ గదన్నా, నడిచినోళ్లకే అని. నిదానంగా నేను పట్టుకోని నడిపిస్తా."

"అమ్మా, అది నేను కట్టిన కథ. అబద్ధం. ముందు బండెక్కనీ."

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఆయన యెనకబడితే మీకందరికీ ఆలస్యమని ఇట్లంటాండావ్. నాకు తెల్సు. మీరు పోండన్నా."

మీరు ఎప్పుడైనా నిజం చెప్పి నమ్మించలేకపోయారా? ఇరవై ఏళ్లుగా అబద్ధం చెబితే కిక్కురుమనకుండా నమ్మినవాళ్లు, ఒక్క నిజానికి నన్ను అబద్ధాలకోరును చేశారు. అంతకు మించిన శిక్ష నాకు ఎవరూ వేయలేదు. ఆ మాటను రహస్యంగా చెబితే లాభం లేదని అర్థమైంది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"అందరూ ఒక్క నిమిషం వినండి. ఈ కాలువ మట్టికి ఏ మహిమా లేదు. నడిచినవాళ్లకే ఫలమన్న మాట ఏ గ్రంథంలోనూ లేదు. ఈ ఊరివాళ్లు చెప్పలేదు, గైడు చెప్పలేదు, పాస్టరు గారు చెప్పలేదు. మీరు బండ్లెక్కి చెదిరిపోతే నాకు కష్టమని నేను కల్పించినాను. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పినాను. నన్ను క్షమించండి. ఎవరూ ఆ మట్టి తాగొద్దు."

మలుపుకు అవతల నుంచి వినబడుతున్న పాట ఆగిపోయింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. దాచేదేమీ లేదు, ఆ క్షణంలో నాకు శిల్పి ప్రాణం ఎంత ముఖ్యమో, ఇకపై ఈ నలభై మంది మొహాలు ఎలా చూడాలన్నది కూడా అంతే ముఖ్యంగా అనిపించింది.

ఆమె ఇంకా నమ్మలేదు. "మరి ఆయమ్మ ప్రార్థనలో లేసి సాక్ష్యం చెప్పింది గదా. ఆయమ్మకు ఆయాసం పోయింది. అదీ అబద్ధమేనా?"

నేను బండివాణ్ని ఇంకాస్త ఆగమని సైగ చేశాను.

అప్పుడు శిల్పి గోడను వదలకుండానే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఒక్కొక్క మాటకూ ఆగి ఊపిరి లాగుతూ మాట్లాడాడు.

"మే, ఇట్ల రా. చెయ్యి పెట్టు ఈడ." ఆమె అరచేతిని కాలువ పైఅంచు మీద పెట్టించాడు. "గీతలు తగుల్తాండాయా? ఇది ఉలి గీత. పక్కన ఇంగోటి. ఇంగోటి. మోషే కర్రకు ఇట్ల గీతలు పడవు. మనిషి చెక్కినాడు. ఈ కొండ పొడుగునా చెక్కినాడు. చెక్కేటప్పుడు వాని ముక్కు ఈ గోడకు జానెడు దూరంలో ఉంటాది. ఇంత పొడి లేసింటాది గదా, యాడికి పోయింటాదంటావ్? నాకు పోయిన కాడికే." కాసేపు ఆగాడు. "ఇది మందయితే వాడు సచ్చిండడు మే. ఈడనే యాడో కూసోనుండాల."

ఆమె చెయ్యి ఆ గీతల మీదే చాలాసేపు ఉంది. వేళ్లు ఒక గీత నుంచి ఇంకో గీతకు పోయాయి. శిల్పి ఇంటి ఆడది, ఉలి గీత అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తరువాత డబ్బీలోని మట్టిని తిరిగి కాలువలో ఒంపేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన్ని బండి ఎక్కించింది.

ఆ సందులో బండి వెనక్కి తిరగడానికి లేదు. ముందుకు పోయి ఖజానా ఎదుట ఉన్న ఖాళీ స్థలంలోనే తిరగాలి. ఆయన ముందు సీట్లో, నేను పక్కన, ఆమె వెనక మొహం కప్పుకుని. కూర్చుని గాలి తగిలేసరికి ఆయన ఊపిరి కాస్త నిదానించింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆచారీ, నా కథ నువ్వు నమ్మినావా?"

"రాతి పొడి మందంటే నేను నమ్ముతానా శెట్టీ? అదే మందయితే నాకింత ఎవురికుండాది?"

"మరి ఎందుకొచ్చినావ్? ఎందుకు నడిచినావ్?"

ఆయన వెనక్కి చూపు తిప్పి గొంతు తగ్గించాడు. "నేను దగ్గితే లేసి కూసుంటాండె ఆమె. ఏండ్ల తరబడి. ఆ సాక్ష్యం ఇన్న కాన్నుంచి నిద్రపోతాంది. నాలుగు నెలలు నిద్రపోయింది. నేనెందుకు చెడగొట్టాల?"

ఖజానా దగ్గర బండి తిప్పేటప్పుడు ఆయన దిగుతానన్నాడు. వద్దన్నా వినలేదు. బండి కమ్మీ పట్టుకుని నిలబడి తలెత్తి చూశాడు. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ చూసిందంతా జనం మొహాలే, రాయిని కాదు. ఆయన చూపించాక కనబడింది. అక్కడ ఆయన నాకు చెప్పిన నాలుగు మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి, ముందు ముందు చెబుతాను. వెనక సీట్లో ఉన్న భార్యను "మే, ఇట్ల చూడు" అని రెండుసార్లు పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు.

గేటు దగ్గర గదిలో ఆక్సిజన్ పెట్టారు. డ్రైవరు హోటల్ నుంచి మందు తెచ్చాడు. గంటలో పెదవులకు రంగు వచ్చింది. పాస్టరు గారు లోపలి నుంచి నడిచి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. తిడతారేమోనని చూస్తున్నాను. "మీరొక్కరే కాదు శెట్టిగారూ. నాకు తెలిసీ ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. జనం ఉత్సాహంగా నడుస్తుంటే నాకూ బాగుండేది" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో తన తప్పు కూడా ఆయనే లేచి చెప్పుకున్నారు. గైడు మాత్రం, ఏం జరిగిందో విన్నాక, తెలుగు అంత పొడుగు భాష కాదన్నమాట అని ఊరుకున్నాడు.

మిగతా యాత్ర అంతా శిల్పి చక్రాల కుర్చీలో తిరిగాడు. ఆమె తోసింది. అందరూ నాతో మామూలుగానే ఉన్నారు, కొందరు కొంచెం ఎక్కువ దయగా ఉన్నారు, అది ఇంకా కష్టం. ఆమె మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు కూడా సామాను దించుకుని నా వైపు చూడకుండా పోయింది. అదే నాకు తగిన మర్యాద అనుకున్నాను.

తరువాత ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేశాను. పెట్రాలో గైడు చెప్పింది మాత్రమే చెప్పేవాణ్ని. కొందరు కూర్చుని చెప్పులు విప్పేవాళ్లు. కూర్చోనిచ్చేవాణ్ని. బండి ఎక్కేవాళ్లను ఎక్కనిచ్చేవాణ్ని. గుంపు నాలుగు ముక్కలయ్యేది, ఏరుకునేవాణ్ని. అయినా కాలువ దగ్గర ఎవరో ఒకరు, మట్టి ఇదేనా అని అడిగేవాళ్లు. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. కథ కట్టడానికి ఒక పూట పట్టింది, విప్పడానికి రెండేళ్లు చాలలేదు.

శిల్పి పోయాడని తెలిసింది నేను ఉద్యోగం మానేసిన సంవత్సరమే. దినాలు అయిపోయాక, మనసు ఒప్పుకోక, ఆళ్లగడ్డ బస్సెక్కాను. షెడ్డు ముందు ఒక పెద్ద నంది, ముఖం పూర్తయింది, కాళ్లు ఇంకా రాయిలోనే ఉన్నాయి. కొడుకు ముక్కుకు గుడ్డ కట్టుకుని మిషను నడుపుతున్నాడు. ఆమె నన్ను చూసి గుర్తుపట్టి, నిలబడి, కుర్చీ చూపించింది. నీళ్లిచ్చింది. ఏం తిట్టినా పడదామనే పోయాను.

"నీ మీద నాకు శానా కోపముండె అన్నా," అంది. "అబద్ధం చెప్పినందుకు గాదు. అంతమంది చెవుల్లో చెప్పినావే, అందుకు. నేనొక్కదాన్నే పిచ్చిదాని మాదిరి డబ్బీ పట్టుకోని నిలబడినా."

"నీకు ఒక్కదానికే చెబితే నమ్మలేదు గదమ్మా."

"నమ్మలే. ఇప్పుడు తెల్సు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ దినం నువ్వు చెప్పకుంటే ఆ మట్టి కలిపి తాపిద్దును. ఆయన తాగును గూడా. తెల్సి తెల్సీ నా కోసరం తాగును. ఆ పాపం తప్పించినావ్."

నేను నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. తరువాత ఆమే అడిగింది.

"అన్నా, ఆడ బండి తిప్పేకాడ ఆయన దిగి పైకి చూసినాడు గదా. నన్ను రెండు మాట్లు పిల్చినాడు. నేను ఏడుస్తా తలెత్తలే. ఇంటికొచ్చినాక అడగనీకి నాకు పౌరుషమడ్డమొచ్చింది. ఆయనా మళ్లా చెప్పలే. ఆడ ఏం చూసినాడు? నీకేమన్నా చెప్పినాడా?"

మెల్లగా చెప్పాను. ఆయన మొదట చూసింది ముఖద్వారాన్ని కాదమ్మా, దానికి రెండు పక్కలా కొండ మీద నిలువునా వరసగా ఉన్న గుంతల్ని. అవి కాలు పెట్టుకుని ఎక్కడానికి అన్నాడు. పని పైనుంచి మొదలుపెట్టి దిగుతూ దిగుతూ చేశారు, కింది నుంచి చేస్తే రాలిన రాయి చేసిన పనిని పాడు చేస్తుంది అన్నాడు. ఎడమ వైపు ఒక స్తంభం చూపించి, దీన్ని తరువాత వాళ్లు కట్టినారు, చెక్కింది కాదు, ఈ చేతికీ ఆ చేతికీ తేడా చూడు అన్నాడు. నాకైతే తేడా కనబడలేదమ్మా. చివరగా, మాకు దెబ్బ తప్పితే ఇంకో రాయి తెచ్చుకుంటాం, వీళ్లకు ఇంకో కొండ యాడుండాది, ఒక్క దెబ్బ తప్పకుండా కిందికి దిగినారు చూడు, అన్నాడు. అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు. ఆ యాత్రలో ఏ చర్చిలోనూ ఆయన దండం పెట్టగా నేను చూడలేదు.

ఆమె వింటూ వింటూ తన అరచేతిని చూసుకుంటోంది. నేను ఆపాక తలెత్తింది.

"దండం పెట్టినాడా?"

"పెట్టినాడమ్మా."

"నువ్వేమీ కలపలేదు గదా అన్నా?"

"లేదు తల్లీ. ఒక్క మాట కలపలేదు."

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపు కింద నిలబడ్డంత కష్టం నాకు ఏ దేశపు సరిహద్దులోనూ కాలేదు. చూసి చూసి, షెడ్డు వైపు తిరిగి, మిషను ఆపమని కొడుకుకు చెయ్యి ఊపింది.

"ఇట్ల రా నాయనా. మీ నాయన ఆడ ఏం చూసినాడో ఈయన చెప్తాండాడు." వాడు ముక్కుకున్న గుడ్డ కిందికి లాక్కుని వచ్చి, నేల మీద కూర్చున్నాడు. ఆమె కూడా వాడి పక్కనే కూర్చుంది.

"మళ్లా మొదట్నుంచి చెప్పన్నా," అంది. "నిదానంగా చెప్పు."